పాఠకుల ప్రశ్నలు: విదేశీ భాషల రేడియోకు గంటలు పంచేదెవరు?

షార్ట్‌వేవ్ ప్రసారాలు ఒక్కొక్కటిగా ఆగిపోతుండటంపై చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో డబ్బుకూ, ప్రసార వేళలకూ సంబంధించిన ప్రశ్నలను ఎంచుకొని ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా ఇంట్లో రెండు తరాలుగా సాయంత్రం ఏడున్నరకు బీబీసీ హిందీ వార్తలు వినడం అలవాటు. భారతదేశంలో కోటి మంది వింటున్నారని ఒకప్పుడు పత్రికల్లో చదివాను. అంతమంది వినే ప్రసారాన్ని 2020లో ఎందుకు ఆపేశారు? శ్రోతల సంఖ్యకు విలువే లేదా?
*— విశ్రాంత ఉపాధ్యాయులు, ఆదిలాబాద్*

సంఖ్యకు విలువ ఉంది. అయితే ఈ ప్రసారానికి డబ్బు చెల్లించేది శ్రోత కాదన్న సంగతిని మొదట గుర్తు పెట్టుకోవాలి. ఆదిలాబాద్‌లో విన్న మీరు గాని, బీహార్ పల్లెల్లో విన్నవారు గాని బీబీసీకి ఒక్క పైసా కట్టలేదు, కట్టవలసిన పని కూడా లేకపోయింది. కాబట్టి కోటి మంది శ్రోతలున్నారన్న అంకె లండన్‌లో వాదనకు పనికివచ్చింది గాని ఆదాయంగా మారలేదు.

బీబీసీ హిందీ ప్రసారం 1940 మే 11న, యుద్ధకాలంలో, హిందుస్తానీ పేరుతో మొదలైంది. యుద్ధం ముగిశాక 1946లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక శ్వేతపత్రంలో పని విభజన చేసింది. ఏ భాషలో ప్రసారం చేయాలో, ఎన్ని గంటలు చేయాలో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ఆ గంటల్లో ఏం చెప్పాలో బీబీసీ నిర్ణయిస్తుంది. ఖర్చు విదేశాంగ శాఖ గ్రాంటు నుంచి వచ్చేది. ఈ ఏర్పాటు దాదాపు డెబ్బై ఏళ్లు నడిచింది. వార్తల విషయంలో బీబీసీ స్వతంత్రంగా ఉందని చెప్పడంలో తప్పు లేదు గాని, హిందీ ఉండాలా వద్దా అన్నది ఆ స్వాతంత్ర్యం పరిధిలోకి పూర్తిగా ఎన్నడూ రాలేదు.

2010 అక్టోబరులో బ్రిటన్ ప్రభుత్వం వ్యయాల సమీక్ష చేసి రెండు పనులు చేసింది. గ్రాంటులో 16 శాతం కోత పెట్టింది. 2014 ఏప్రిల్ నుంచి బీబీసీ విదేశీ ప్రసార విభాగమైన వరల్డ్ సర్వీసు ఖర్చును బ్రిటన్ ప్రజలు ఇంట్లో టీవీ ఉన్నందుకు కట్టే లైసెన్సు రుసుము మీదికి నెట్టింది. 2011 జనవరిలో ఆ కోత ఫలితం బయటపడింది. అల్బేనియన్, మాసిడోనియన్, సెర్బియన్ సర్వీసులు, ఆఫ్రికాకు పోర్చుగీసు, కరీబియన్ దీవులకు ఇంగ్లీషు ప్రసారాలు పూర్తిగా మూతపడ్డాయి. రష్యన్, మాండరిన్, టర్కిష్, ఉక్రేనియన్ వంటి ఏడు సర్వీసుల్లో రేడియో ఆగింది. దాదాపు 650 ఉద్యోగాలు పోతాయని చెప్పారు. హిందీ షార్ట్‌వేవ్ కూడా ఆ మార్చిలోనే ఆగవలసింది. నిరసనలు వెల్లువెత్తడంతో సాయంత్రం ఒక గంట ప్రసారాన్ని నిలిపి ఉంచారు. ఏప్రిల్‌లో బ్రిటన్ పార్లమెంటులోని కామన్స్ సభ విదేశీ వ్యవహారాల సంఘం కోతలను తప్పుపట్టింది. జూన్‌లో ప్రభుత్వం ఏడాదికి 22 లక్షల పౌండ్ల చొప్పున మూడేళ్లకు అదనపు సొమ్ము ప్రకటించింది, అదీ ప్రధానంగా అరబిక్ కోసం. మీ సాయంత్రపు వార్తలు ఆ తరవాత ఇంకో తొమ్మిదేళ్లు వినిపించడానికి ఆనాటి నిరసనే కారణం. చివరికి 2020 జనవరి 31న ఆగినప్పుడు చెప్పిన కారణం, షార్ట్‌వేవ్ శ్రోతలు తగ్గి డిజిటల్ పాఠకులు పెరిగారన్నది. అది అబద్ధం కాదు. కాని శ్రోతలు ఎందుకు తగ్గుతారన్న ప్రశ్నకు సగం జవాబు ప్రసార పట్టికలోనే ఉంటుంది. దాని గురించి కింది ప్రశ్నలో వివరిస్తాం.

ప్రశ్న: షార్ట్‌వేవ్ కేంద్రాలు ఏటా మార్చి చివర, అక్టోబరు చివర వేళలూ ఫ్రీక్వెన్సీలూ మారుస్తాయి. మన దేశంలో గడియారం ముందుకూ వెనక్కూ జరిపే అలవాటు లేదు కదా, మనకు చేసే ప్రసారాలు ఎందుకు మారాలి? అసలు ఈ వేళలను ఎవరు నిర్ణయిస్తారు?
*— ఇంజినీరింగ్ విద్యార్థిని, వరంగల్*

గడియారం మారేది ఐరోపాలో. మారక తప్పనిది ఆకాశంలో. షార్ట్‌వేవ్ తరంగాలు భూమికి చాలా ఎత్తున ఉన్న అయనోస్ఫియర్ పొరను తాకి, వంగి, రెండు మూడు వేల కిలోమీటర్ల అవతల నేలకు దిగుతాయి. ఆ పొర బలం సూర్యరశ్మిని బట్టి మారుతుంది. పగటిపూట 15, 17 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని ఎత్తైన ఫ్రీక్వెన్సీలు బాగా పనిచేస్తాయి. చీకటి పడ్డాక అవి పొరను దాటి అంతరిక్షంలోకి పోతాయి, అప్పుడు 6, 7, 9 మెగాహెర్ట్జ్‌కు దిగాలి. వేసవిలో సాయంత్రం ఏడున్నరకు పనిచేసిన ఫ్రీక్వెన్సీ చలికాలంలో అదే ఏడున్నరకు పనిచేయకపోవచ్చు. దీనికి తోడు సూర్యుడి మచ్చల పదకొండేళ్ల చక్రం ఉండనే ఉంది. అందుచేత మీకు వార్తలు వచ్చే వేళ మారకపోయినా, అవి వచ్చే ఫ్రీక్వెన్సీ ఏటా రెండుసార్లు మారుతుంది.

ప్రపంచంలోని కేంద్రాలన్నీ ఒకే రోజున మారడానికి కారణం వేరు. కేంద్రాలు ఎవరికి తోచినట్టు వారు ఫ్రీక్వెన్సీలు ఎంచుకుంటే ఒకరి గొంతుమీద ఒకరి గొంతు పడుతుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ నిబంధనల కింద ఏడాదిని రెండు రుతువులుగా విభజించారు. మార్చి చివరి ఆదివారం మొదలయ్యేది ‘ఏ’ రుతువు, అక్టోబరు చివరి ఆదివారం మొదలయ్యేది ‘బీ’ రుతువు. 2025 వేసవిది ఏ25 అయితే ఆ ఏటి చలికాలానిది బీ25. ఒక్కో రుతువుకు ముందు ఫ్రీక్వెన్సీల సమన్వయ సమావేశంలో వివిధ దేశాల ప్రసార సంస్థల ఇంజినీర్లు కూర్చుని, ఏ ట్రాన్స్‌మిటర్ నుంచి ఏ దిక్కుకు, ఎంత శక్తితో, ఏ వేళ నుంచి ఏ వేళ దాకా అన్న కోరికలను పోల్చి చూసి, ఢీకొన్న చోట సర్దుకుంటారు. దౌత్య సంబంధాలు సరిగా లేని దేశాల ఇంజినీర్లు సైతం ఇక్కడ ఐదు కిలోహెర్ట్జ్ అటూ ఇటూ జరుగుతారు, ఎందుకంటే మొండికేస్తే ఇద్దరి ప్రసారమూ చెడుతుంది.

ఇక వేళల నిర్ణయానికి వస్తే, వినేవారి ఊళ్లో తెల్లవారుజామునుంచి పనులకు వెళ్లేలోపు ఒకటి, ఇంటికి చేరాక నిద్రకు ముందు ఒకటి, ఇవే ఖరీదైన వేళలు. ప్రతి భాషా విభాగమూ వీటినే కోరుతుంది. ట్రాన్స్‌మిటర్లు మాత్రం పరిమితం. సింగపూర్‌లోని క్రాంజి, ఒమాన్‌లోని అసీలా, అట్లాంటిక్‌లోని అసెన్షన్ ద్వీపం వంటి చోట్ల నుంచి బీబీసీ ప్రసారాలు వెలువడేవి. భారతదేశానికీ, బంగ్లాదేశ్‌కూ, నేపాల్‌కూ సాయంత్రం దాదాపు ఒకేసారి అవుతుంది కాబట్టి ఆ అరగంటకు పోటీ ఉంటుంది. ఓడిన భాష నడిరాత్రికో మధ్యాహ్నానికో పోదు, అరగంట పావుగంటగా కుదించుకుపోతుంది.

ఖర్చు లెక్క కూడా ట్రాన్స్‌మిటర్ గంటల్లోనే ఉంటుంది. బీబీసీ తన ట్రాన్స్‌మిటర్లను 1997లో ప్రైవేటు సంస్థకు అప్పగించిన తరవాత ఈ లెక్క మరీ స్పష్టమైంది. ఒక అరగంట కార్యక్రమాన్ని మూడు ఫ్రీక్వెన్సీల్లో వేస్తే మూడు అరగంటల కరెంటుకూ, అద్దెకూ చెల్లించాలి. మూడు ఎందుకంటే ఒకటి దూరప్రాంతానికి, ఒకటి దగ్గరికి, ఇంకొకటి అయనోస్ఫియర్ తేడా చేసిన రోజున ఆదుకోవడానికి. డబ్బు తగ్గినప్పుడు కార్యక్రమాన్ని ముట్టుకోరు, ఫ్రీక్వెన్సీలను మూడునుంచి రెండుకు, రెండునుంచి ఒకటికి తగ్గిస్తారు. పత్రికల్లో వార్త రాదు, పార్లమెంటులో ప్రశ్న లేవదు, ప్రసారం ‘కొనసాగుతూనే’ ఉంటుంది. వినేవాడికి మాత్రం కొన్ని రోజులు గరగర, కొన్ని రోజులు నిశ్శబ్దం. నాలుగు సాయంత్రాలు దొరకకపోతే ఐదో సాయంత్రం ఆయన రేడియో పెట్టడు. తరవాతి సర్వేలో శ్రోతలు తగ్గారని తేలుతుంది, ఆ సర్వేను చూపించి మిగిలిన ఫ్రీక్వెన్సీని కూడా తీసేస్తారు. శ్రోతలు తగ్గడానికి మొబైల్, ఇంటర్నెట్ ప్రధాన కారణాలే, సందేహం లేదు. కాని కోత ఫలితాన్నే కోతకు కారణంగా చూపే ఈ పద్ధతి దాదాపు ప్రతి దేశపు విదేశీ ప్రసార సంస్థలోనూ కనిపిస్తుంది. పై ప్రశ్న వేసిన ఆదిలాబాద్ పాఠకులకు మేము ఇవ్వదలచిన మిగతా సగం జవాబు ఇదే.

ప్రశ్న: బీబీసీ తమిళం, బెంగాలీ 1941లోనే మొదలుపెట్టింది. తెలుగుకు 2017 దాకా ఎందుకు ఆగింది? మొదలుపెట్టినప్పుడైనా రేడియోలో ఎందుకు లేదు?
*— గృహిణి, విశాఖపట్నం*

మాట్లాడేవారి సంఖ్యను బట్టి భాషలను ఎంపిక చేస్తారన్నది మనం సహజంగా చేసే ఊహ. అలా అయితే తెలుగు ఏనాడో ఉండేది. ఎంపిక జరిగేది డబ్బు ఇచ్చేవారికి ఆ క్షణాన ఆ ప్రాంతం మీద ఎంత ఆసక్తి ఉందన్నదాన్ని బట్టి. 1941లో తూర్పున జపాన్ ముప్పు, బెంగాల్ తీరం, సింహళం, మలయా వారి కళ్ల ముందున్నాయి. ఆ తరవాత ప్రచ్ఛన్నయుద్ధంలో పోలిష్, చెక్, హంగేరియన్ వంటి తూర్పు ఐరోపా భాషలకు ప్రాధాన్యం వచ్చింది. ఆ అవసరం తీరిపోయాక 2005 అక్టోబరులో వాటితో సహా పది భాషలను ఒక్క ప్రకటనతో మూసివేసి, మిగిలిన సొమ్మును అరబిక్ టెలివిజన్‌కు మళ్లించారు. ఇందులో తెలుగువారి ప్రస్తావన ఎక్కడా రాదు, రావలసిన కారణం వారికి కనిపించలేదు.

2015 నవంబరులో బ్రిటన్ ప్రభుత్వం మనసు మార్చుకొని వరల్డ్ సర్వీసుకు 2020 నాటికి 28.9 కోట్ల పౌండ్లు ఇస్తామంది. రక్షణ, భద్రతా సమీక్షలో భాగంగా వచ్చిన ప్రకటన కావడం గమనించదగ్గది. ఆ డబ్బుతో పన్నెండు కొత్త భాషలు వచ్చాయి. ఆఫ్రికా నుంచి అమ్హారిక్, ఇగ్బో, యోరుబా వంటివి, కొరియన్, మళ్లీ సెర్బియన్, మన దేశం నుంచి తెలుగు, మరాఠీ, గుజరాతీ, పంజాబీ. 2011లో మూసేసిన సెర్బియన్‌ను ఏడేళ్లకు మళ్లీ తెరవడం ఒక్కటే చాలు, ఈ నిర్ణయాలు ఎంత తాత్కాలికమో చెప్పడానికి. తెలుగు సర్వీసు 2017 అక్టోబరు 2న మొదలైంది.

రేడియోలో లేకపోవడానికి కారణాలు రెండు. అప్పటికే షార్ట్‌వేవ్‌ను వదిలించుకుంటున్న సంస్థ కొత్త భాషకు షార్ట్‌వేవ్ గంటలు కొనదు. ఎఫ్ఎం మార్గమా, అది మన దేశపు నిబంధనల వల్ల మూసుకుపోయింది. ప్రైవేటు ఎఫ్ఎం కేంద్రాలు ఆకాశవాణి వార్తలను తప్ప సొంత వార్తలను గాని, మరొకరి వార్తలను గాని ప్రసారం చేయకూడదు. డిజిటల్ వార్తా సంస్థల్లో విదేశీ పెట్టుబడికి 26 శాతం పరిమితి వచ్చాక, 2024 ఏప్రిల్ నుంచి తెలుగుతో సహా భారతీయ భాషల పని కలెక్టివ్ న్యూస్‌రూమ్ అనే భారతీయ సంస్థ చేతికి మారింది.

అయినా తెలుగువారికి విదేశీ రేడియో కొత్తేమీ కాదు. సోవియట్ కాలంలో మాస్కో రేడియోకు తెలుగు ప్రసారం ఉండేది. రేడియో సిలోన్ నుంచి తెలుగు సినిమా పాటలు విననివారు ఒక తరంలో అరుదు. మనీలా నుంచి రేడియో వెరితాస్ ఆసియా తెలుగులో ప్రసారం చేసేది, అది 2018లో షార్ట్‌వేవ్‌ను పూర్తిగా వదిలేసింది. మాస్కోది రాజకీయం, సిలోన్‌ది వ్యాపార ప్రకటనల ఆదాయం, మనీలాది మతం. ఎవరి డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో ఆ ప్రసారం వింటే తెలిసిపోయేది.

ప్రశ్న: ఒక ప్రభుత్వం తన డబ్బుతో పరాయి భాషలో వార్తలు చెప్పిస్తుంటే అది ప్రచారం కాక మరేమిటి?
*— న్యాయవాది, ఏలూరు*

చాలా సందర్భాల్లో ప్రచారమే. కాని అన్నీ ఒకే తీరుగా ఉండవు. బీబీసీ మొదటి విదేశీ భాషా ప్రసారం అరబిక్. ఇటలీ బారి కేంద్రం నుంచి అరబ్బు శ్రోతలకు చేస్తున్న ప్రచారానికి విరుగుడుగా బ్రిటిష్ ప్రభుత్వమే దాన్ని కోరింది. 1938 జనవరి 3న వచ్చిన తొలి వార్తల్లోనే పాలస్తీనాలో బ్రిటిష్ పాలకులు ఒక అరబ్బును ఉరితీసిన వార్తను చదివారు. విదేశాంగ శాఖ మండిపడింది. ఇలాంటి వార్త చెప్పకుండా ఉండవలసిందన్నది వారి వాదన. చెప్పకపోతే నమ్మేవారు ఉండరన్నది బీబీసీ వాదన. డబ్బు ఇచ్చేవారికీ, మైకు ముందు కూర్చునేవారికీ మధ్య ఈ తగాదా మొదటి రోజునుంచీ ఉంది.

జర్మనీ ఈ తగాదాను చట్టంతో కొంత తగ్గించింది. ఆ దేశపు విదేశీ ప్రసార సంస్థ డాయిచ వెల్లె ఖర్చు కేంద్ర ప్రభుత్వ పన్నుల నుంచి వస్తుంది గాని, సంస్థ నాలుగేళ్ల కార్యప్రణాళికను తానే తయారు చేసి ప్రభుత్వం, పార్లమెంటు ముందు ఉంచుతుంది. దీనికి పూర్తి వ్యతిరేక ఉదాహరణ అమెరికా ప్రభుత్వ విదేశీ ప్రసార సంస్థ వాయిస్ ఆఫ్ అమెరికా. 1942 ఫిబ్రవరిలో జర్మన్ భాషలో మొదలైన ఆ సంస్థలో, 2025 మార్చి 14న వెలువడిన ఒక్క అధ్యక్ష ఉత్తర్వు తరవాత, మరునాటికే పదమూడు వందల మంది దాకా సెలవు మీద ఇళ్లకు వెళ్లవలసి వచ్చింది. వ్యవహారం కోర్టులకెక్కింది.

ప్రశ్న: మా మేనత్త కుటుంబం మలేసియాలో ఉంది. ఒకప్పుడు వారు ఢిల్లీ నుంచి తెలుగు ప్రసారం వినేవారమని చెబుతారు. ఆకాశవాణి విదేశాలకు తెలుగులో ప్రసారం చేసిందా? ఖర్చు ఎవరిది?
*— చిరు వ్యాపారి, శ్రీకాకుళం*

చేసింది. ఆకాశవాణి విదేశీ ప్రసార విభాగం 1939 అక్టోబరు 1న పష్తో భాషతో మొదలైంది. అఫ్గానిస్తాన్ వైపు సాగుతున్న జర్మన్ ప్రచారానికి జవాబుగా. స్వాతంత్ర్యం తరవాత ఆ విభాగంలో విదేశీ భాషలతోపాటు ప్రవాస భారతీయుల కోసం హిందీ, తమిళం, తెలుగు, గుజరాతీ వంటి మన భాషలు కూడా చేరాయి. తెలుగు ప్రసారం ఆగ్నేయాసియాను ఉద్దేశించినది. కొబ్బరి, రబ్బరు తోటల పనికి మలయాకూ, రేవు పనులకు రంగూన్‌కూ వెళ్లిన గోదావరి, శ్రీకాకుళం ప్రాంతాల కుటుంబాల వారసులే దాని శ్రోతలు.

ఖర్చు విషయంలో ప్రసార భారతి చట్టం స్పష్టంగానే ఉంది. ఆ చట్టం 12వ సెక్షన్ ప్రకారం విదేశీ ప్రసారాలను ప్రసార భారతి కేంద్ర ప్రభుత్వం తరఫున నిర్వహిస్తుంది, అయిన ఖర్చును ప్రభుత్వం తిరిగి చెల్లిస్తుంది. అంటే దేశంలోని కేంద్రాల మాదిరిగా ఇది సంస్థ సొంత పని కాదు, అప్పగించిన పని. అప్పగించిన పనికి ఉండే బలహీనతే దీనికీ ఉంది. చేసేవారికి దాన్ని పెంచాలన్న పట్టుదల ఉండదు, డబ్బు ఇచ్చేవారికి దాన్ని వినే అలవాటు ఉండదు. కొన్నేళ్లుగా షార్ట్‌వేవ్ గంటలు బాగా తగ్గి, బరువంతా మొబైల్ యాప్ మీదికి మారింది. మినహాయింపుగా చెప్పుకోదగ్గది 2016 ఆగస్టులో బంగ్లాదేశ్ కోసం మొదలైన ఆకాశవాణి మైత్రి. పశ్చిమ బెంగాల్‌లోని చిన్సురాలో వెయ్యి కిలోవాట్ల మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్‌ను దానికి కేటాయించారు. పొరుగు దేశంతో పని ఉన్నప్పుడు ట్రాన్స్‌మిటర్ దొరుకుతుంది. మలేసియాలోని నాలుగో తరం తెలుగువారితో ఏ మంత్రిత్వ శాఖకూ అంత పని పడలేదు.

ప్రశ్న: ఒకసారి ఆపిన ప్రసారాన్ని డబ్బు వచ్చాక మళ్లీ మొదలుపెట్టవచ్చు కదా? ఇంత బాధ ఎందుకు?
*— బ్యాంకు ఉద్యోగి, కర్నూలు*

స్టూడియోను మళ్లీ తెరవవచ్చు. ట్రాన్స్‌మిటర్ ఉన్న స్థలాన్ని అమ్మేశాక, యాంటెన్నా స్తంభాలను తునకలుగా కోసి తీసుకుపోయాక, ఫ్రీక్వెన్సీ మరొకరి చేతికి వెళ్లాక తెరవడం కష్టం. ఆస్ట్రేలియా విషయం చూడండి. రేడియో ఆస్ట్రేలియా పసిఫిక్ ద్వీపాలకు చేసే షార్ట్‌వేవ్ ప్రసారాలను 2017 జనవరి 31న ఆపేసింది. ఆదా అయ్యేది ఏటా 19 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు. తుపానులప్పుడు మాకు ఇదొక్కటే ఆధారమని వనువాటు వంటి ద్వీపాలవారు మొత్తుకున్నారు. ఏడాదిన్నర తిరగకముందే ఆ ఖాళీ ఫ్రీక్వెన్సీల్లో కొన్నింటిని చైనా అంతర్జాతీయ రేడియో వాడుతోందన్న వార్త వచ్చింది. చైనా వారు ఎవరి దగ్గరా లాక్కోలేదు, పట్టికలో ఖాళీ కనిపించింది, నింపుకున్నారు.

2012లో కెనడా, నెదర్లాండ్స్ ఒకే వేసవిలో షార్ట్‌వేవ్ వదిలేశాయి. కెనడా అంతర్జాతీయ రేడియో బడ్జెట్‌ను 1.23 కోట్ల డాలర్ల నుంచి 23 లక్షలకు దించారు; జూన్ 24 తరవాత న్యూ బ్రన్స్‌విక్‌లోని శాక్‌విల్ నుంచి దాని షార్ట్‌వేవ్ ప్రసారం ఆగింది. రేడియో నెదర్లాండ్స్‌ను దేశీయ ప్రసారాల నిధి నుంచి తప్పించి విదేశాంగ శాఖకు అప్పగిస్తూ 4.6 కోట్ల యూరోలను 1.4 కోట్లు చేశారు. ఒక్కసారి పద్దు మారితే చాలు, పని స్వభావమే మారిపోతుంది; విదేశాంగ శాఖ కింద అది రేడియో సంస్థగా మిగలలేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ బీబీసీ అరబిక్. 2022 సెప్టెంబరులో ఏటా 2.85 కోట్ల పౌండ్లు మిగల్చడానికి అరబిక్, పర్షియన్, బెంగాలీ సహా పది భాషల్లో రేడియో ఆపుతామని ప్రకటించారు. ఎనభై ఐదేళ్ల అరబిక్ రేడియో 2023 జనవరి చివర ఆగింది. ఏప్రిల్ మధ్యలో సూడాన్‌లో యుద్ధం మొదలైంది. మే నెలలో అదే బీబీసీ సూడాన్ కోసం షార్ట్‌వేవ్‌లో రోజుకు రెండు అరగంటల అత్యవసర అరబిక్ ప్రసారం ప్రారంభించింది, మొదట మూడు నెలలకని. నవంబరులో గాజా కోసం మరొకటి, ఈసారి మీడియం వేవ్‌లో. 2022 మార్చిలో ఉక్రెయిన్ కోసం 15735, 5875 కిలోహెర్ట్జ్‌ల్లో రోజుకు నాలుగు గంటల ఇంగ్లీషు ప్రసారాన్ని కూడా ఇలాగే హడావిడిగా మొదలుపెట్టారు. ఇవి సాధ్యం కావడానికి కారణం ఎక్కడో ఒకచోట ట్రాన్స్‌మిటర్లు ఇంకా మిగిలి ఉండటమే. కాని యుద్ధం మధ్యలో మొదలైన ప్రసారం ఫలానా ఫ్రీక్వెన్సీలో వస్తోందని, కరెంటూ ఇంటర్నెట్టూ లేని మనిషికి ఎవరు చెప్పాలి? అలవాటుగా తిప్పే స్థానంలో రోజూ దొరికితేనే ఆపదలో పనికివస్తుంది.

ప్రశ్న: మేము రాసే రిసెప్షన్ రిపోర్టులను ఎవరైనా చదువుతారా? ఇప్పుడు షార్ట్‌వేవ్‌లో తెలుగు ఎక్కడైనా దొరుకుతుందా?
*— రేడియో శ్రోతల సంఘం సభ్యుడు, గుంటూరు*

ఇంజినీర్లు తప్పక చదువుతారు. ఏ తేదీన, ఏ వేళకు, ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలంగా వినిపించిందో, ఏ కేంద్రం అడ్డుపడిందో ఐదు అంకెల సంకేతంలో రాసిన నివేదిక వారి తరవాతి రుతువు పట్టికకు పనికివస్తుంది. కేంద్రం తిరిగి పంపే క్యూఎస్ఎల్ కార్డు ఆ ఉపకారానికి ఇచ్చే రసీదు. డబ్బు నిర్ణయించేవారి దాకా మాత్రం ఒక్కో కార్డు వెళ్లదు. ‘ఈ నెలలో ఫలానా రాష్ట్రం నుంచి ఇన్ని ఉత్తరాలు’ అన్న మొత్తం వెళుతుంది. కాబట్టి బాగుందని మెచ్చుకునే ఉత్తరం కంటే, వినపడని రోజున వినపడలేదని రాసే ఉత్తరం ఎక్కువ పనిచేస్తుంది. ఫ్రీక్వెన్సీలు తగ్గించిన రుతువులోనే రాయండి. మూసివేత ప్రకటన వచ్చాక రాసేవి సంతాప సందేశాల కిందే లెక్క.

తెలుగులో ఇప్పటికీ అడ్వెంటిస్ట్ వరల్డ్ రేడియో వంటి క్రైస్తవ సంస్థల ప్రసారాలు ఉన్నాయి. విరాళాల మీద నడిచేవి కాబట్టి ఏ ప్రభుత్వ బడ్జెట్ కోతా వాటిని తాకదు. వేళలూ ఫ్రీక్వెన్సీలూ రుతువుకొకసారి మారతాయి కనుక ఇక్కడ ఇవ్వడం లేదు. సమన్వయ సమావేశం నిర్వహించే సంస్థ ప్రతి రుతువు పట్టికనూ తన వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉంచుతుంది. అందులో వేళలు విశ్వకాలమానంలో ఉంటాయి. మన వేళకు ఐదున్నర గంటలు కలుపుకోవాలి.